అజరయ్య, వేదనాయగం శామ్యూల్ (1874–1945)

వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1912 డిసెంబరు నుంచి 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకల్ అధ్యక్ష ఖండాన్ని నడిపించారు. పుట్టింది తమిళనాట అయినా జీవితంలో సగభాగం తెలుగు పల్లెల్లోనే గడిపి, తెలుగు నేర్చుకుని, తెలుగు మట్టిలోనే కలిసిపోయారు. తెల్లదొరల జాత్యహంకారాన్ని వాళ్ల సభలోనే నిలదీశారు. కులం మనిషిపై చేసే పెత్తనాన్ని ఊళ్లోనూ సంఘంలోనూ ఎదిరించారు. అంతరాత్మకు సంబంధించిన విషయంలో మహాత్మా గాంధీతో సైతం విభేదించారు. తుపాకీ పట్టలేదు, జైలుకు వెళ్లలేదు, పార్టీ పెట్టలేదు. అణచివేతను ఎదిరించడమంటే దానికి చోటులేని సమాజాన్ని కట్టి చూపించడమేనని నమ్మి, ఆ పనికే జీవితాన్ని ఇచ్చారు.

నేపథ్యం

అజరయ్య పనిచేసిన నేల అసఫ్ జాహీ నిజాముల ఏలుబడిలోని తెలంగాణ, దానికి ఆనుకుని ఉన్న బ్రిటిష్ ఆంధ్ర జిల్లాలు. దోర్నకల్ అప్పటి వరంగల్ జిల్లాలోది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. సింగరేణి బొగ్గు గనుల వైపు రైలుమార్గం చీలే జంక్షన్ అది. దక్షిణాన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దాటితే మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి, దామరచర్ల ప్రాంతం వస్తుంది. కృష్ణకు ఈవల నిజాం రాజ్యం, ఆవల ఆంగ్లేయుల గుంటూరు జిల్లా. ఏలేవాళ్లు వేరైనా పల్లె చివర మాలవాడ, మాదిగవాడ మాత్రం రెండు ఒడ్డుల్లోనూ ఒక్కటే. ఊరి బావి దగ్గరకు రానివ్వరు, గుడి మెట్లు ఎక్కనివ్వరు, దొర పిలిస్తే కూలి లేకుండా వెట్టి చేయాలి. తెలంగాణలో దేశ్‌ముఖ్‌ల, దేశ్‌పాండేల గడీలు ఈ వెట్టి మీదే నిలబడ్డాయి.

ఆ వాడల్లోకి క్రైస్తవం 19వ శతాబ్దంలో పెద్ద ఎత్తున ప్రవేశించింది. 1876–78 కరవు తర్వాత, 1878 జులై 3న ఒంగోలు దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వారిలో ఎక్కువమంది మాదిగలు. నల్లగొండలో బాప్టిస్టు కేంద్రం 1890లో మొదలైంది. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ దంపతులు దానికి పునాది వేశారు. కృష్ణా డెల్టాలోనూ ఖమ్మం వైపునా ఆంగ్లికన్ మిషన్ మాలల మధ్య విస్తరించింది. వాడకు వాడ కలిసి నిర్ణయించుకుని మతం మారడం ఈ ఉద్యమాల ప్రత్యేకత. తిండికోసం మారారన్న నింద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మనిషిగా గుర్తింపు కోసం, బడి కోసం, దొరకూ తనకూ ఒకే దేవుడన్న మాట కోసం మారినవారి ఆకాంక్షను ఆ నింద దాచేస్తుంది.

బాల్యం, విద్య

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళై గ్రామంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం క్రైస్తవం స్వీకరించి గురువైన నాడార్. కల్లు గీతతో జీవించే నాడార్లను ఆ రోజుల్లో అగ్రకులాలు గుళ్లలోకి రానిచ్చేవి కావు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక తొడుక్కునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడారు. ఆ హక్కును ఒప్పుకుంటూ 1859లో రాజు ప్రకటన చేయాల్సి వచ్చింది. అజరయ్య పాతికేళ్ల వయసులో, 1899లో, శివకాశి గొడవల్లో నాడార్ల ఇళ్లు తగలబడ్డాయి. కులం చేసే అవమానం ఎలా ఉంటుందో ఆయనకు పుస్తకాలు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

తండ్రి పోయాక తల్లి ఎల్లెన్ కట్టుదిట్టంగా పెంచింది. తిరునెల్వేలి మిషన్ బడుల్లో చదివి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. జబ్బు పడడంతో డిగ్రీ పూర్తికాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి 1909 దాకా దక్షిణాది అంతా తిరిగారు. అక్కడ సహోద్యోగి అయిన అమెరికన్ షేర్వుడ్ ఎడ్డీతో కుదిరిన స్నేహం జీవితాంతం నిలిచింది. తెల్లవాడికీ భారతీయుడికీ మధ్య సమాన స్నేహం సాధ్యమేనని అది ఆయనకు అనుభవంలోనే తెలియజేసింది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లాడారు. దక్షిణాదిన కాలేజీ చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. దోర్నకల్‌లో స్త్రీల పని మొత్తం తర్వాత ఆమె భుజాల మీదే నడిచింది.

దేశీయ మిషన్

1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో సువార్త పని చేయడం చూశారు. విదేశీ డబ్బు మీద బతికే సంఘం విదేశీ మాటనే వినాల్సి వస్తుందని ఆయనకు అప్పుడు బలంగా తోచింది. 1903 ఫిబ్రవరిలో పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఆఫ్ తిన్నెవెల్లి స్థాపనకు ముందుండి నడిచారు. పని చేయడానికి వారు ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతం. అక్కడ 1906లో తొలి బాప్తిస్మాలు జరిగాయి. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో కె.టి. పాల్ తదితరులతో కలిసి నేషనల్ మిషనరీ సొసైటీని నెలకొల్పారు. భారతీయ మనుషులు, భారతీయ డబ్బు, భారతీయ నిర్వహణ అన్నవి దాని నియమాలు. బెంగాల్ విభజన మీద స్వదేశీ ఉద్యమం రగులుతున్న ఏడాది అది. క్రైస్తవుల్లో స్వదేశీ ఆలోచన ఆ రూపం తీసుకుంది.

1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభకు వెళ్లారు. రష్యాను గెలిచిన జపాన్‌ను చూసి ఆసియా అంతా తలెత్తుకుంటున్న రోజులవి. రెండేళ్లకు, వై.ఎం.సి.ఎ. పెద్ద పదవిని వదులుకుని, గురుత్వ అభిషేకం పొంది, దోర్నకల్‌లో మామూలు మిషనరీగా దిగారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. అక్షరాల దగ్గర మొదలుపెట్టి తెలుగు నేర్చుకున్నారు.

ఎడిన్‌బరో ప్రసంగం

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1,200 మందికి పైగా వచ్చిన ఆ సభలో ఆసియా ప్రతినిధులు ఇరవై మందికి లోపే. విదేశీ, స్వదేశీ సేవకుల సహకారం మీద మాట్లాడమని అజరయ్యకు అవకాశం ఇచ్చారు. పొగడ్తల మర్యాద పాటిస్తారనుకున్న సభకు ఆయన నిజం చెప్పారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా భారతీయ గురువుతో దొర ఒక్కసారి కూడా కలిసి భోంచేయడు, చేయి కలపడు, ఇంటికి పిలవడు అని వివరించారు. డబ్బు దొరది, అధికారం దొరది, పని మాత్రం భారతీయుడిది అయినప్పుడు అది సహకారం ఎలా అవుతుందని అడిగారు. మిషనరీలు ఆస్తి ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, అందుకు కృతజ్ఞులం అంటూనే, చివరికి స్నేహాన్ని కోరారు.

సభలో కొందరు నొచ్చుకున్నారు, కొందరు కోపగించుకున్నారు. క్రైస్తవ సంఘ చరిత్రకారులు మాత్రం ఆ ప్రసంగాన్ని 20వ శతాబ్దపు మలుపుల్లో ఒకటిగా లెక్కిస్తారు. ఆయన తర్కమంతా వేదాంతం మీద నిలబడింది. క్రీస్తు శరీరం ఒక్కటే అయితే అందులో దొర అవయవం, దాస అవయవం ఉండవు. జాతి ఆధిక్యాన్ని ఆయన మర్యాద లోపంగా చూడలేదు. విశ్వాసానికే ఎదురు నిలిచే పాపంగా చూశారు.

బిషప్ పదవి

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఒక భారతీయుణ్ణి బిషప్ చేయాలని ప్రతిపాదించినప్పుడు మిషనరీల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. ఒక నల్లవాడి కింద తెల్ల గురువులు ఎలా పనిచేస్తారన్నది అసలు అభ్యంతరం. తిరునెల్వేలిలో అగ్రకుల క్రైస్తవులు కొందరు నాడార్ బిషప్ అవడాన్ని ఒప్పుకోలేదు. జాతి అహంకారం, కుల అహంకారం ఒకే మనిషికి అడ్డం తిరిగి చేతులు కలిపిన సందర్భం అది. మధ్యేమార్గంగా నిజాం రాజ్యంలో దోర్నకల్ పేరిట చిన్న అధ్యక్ష ఖండం ఏర్పరిచారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. 1920ల ఆరంభంలో కృష్ణా జిల్లా వైపు ఆంగ్లికన్ ప్రాంతాలు కూడా దోర్నకల్‌లో కలిశాయి. దాంతో ఆంగ్లేయ మిషనరీలు భారతీయ బిషప్ కింద పనిచేయడం కాగితం మీది మాటగా మిగలక నిత్యవ్యవహారమైంది. 1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

పల్లెల్లో పని

బిషప్ గారి పర్యటనలు ఎడ్లబండి మీద, సైకిల్ మీద సాగేవి. చేరిన పల్లెలో కొత్త విశ్వాసుల్ని వారి చేతులు వారి తలల మీదే పెట్టుకోమని చెప్పి, బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సువార్తకు బాధ్యుడేనని వారి నోటనే పలికించేవారు. తరతరాలుగా నోరెత్తకూడదని నేర్పిన వాడలో ప్రతి మనిషికీ చెప్పాల్సిన మాట ఒకటి ఉందని ఒప్పించడమే ఈ ఆచారం సారం. మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాల మీద యుద్ధం ప్రకటించారు. వాటిలో అప్పు ముఖ్యం. అప్పు తీరని పాలేరు ఎంత విశ్వాసి అయినా దొర చేతి మనిషే.

ఊరూరా ఉపదేశులను నియమించి, వాడలోనే బడి, బడిలోనే గుడి నడిపారు. భారతీయ గురువులకు శిక్షణ ఇవ్వడానికి దోర్నకల్‌లో వేదపాఠశాల నడిచింది. ఇంటి ఇల్లాలు వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి విడిగా దాచడం, ఆదివారం గుడికి తేవడం సంఘమంతటా అలవాటైంది. కూలికి పోయే ఆడమనిషి కూడా దాత అవుతుందని ఆ బియ్యం నేర్పింది. క్రైస్తవ దాతృత్వం మీద అజరయ్య రాసిన పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది. వివాహం, బాప్తిస్మం, నిర్ధారణ గురించీ పల్లె విశ్వాసులకు అర్థమయ్యేలా రాశారు. వైట్‌హెడ్‌తో కలిసి భారతీయ పల్లెల్లో క్రైస్తవం గురించి రాసిన పుస్తకం 1930లో వచ్చింది. ఆయన కాలం ముగిసేనాటికి ఆ ఖండంలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ నిర్మాణం పాతికేళ్లు సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మినార్లు ఇస్లామీయ శైలిని, స్తంభాలు, తామర శిల్పాలు హిందూ ఆలయ శైలిని తలపిస్తాయి. ఇంగ్లండు చర్చికి నకలు కట్టకూడదన్నది ఆయన పట్టుదల. ఆరాధనలో తెలుగు కీర్తనలకు, కోలాటానికి, పంట పండుగలకు చోటిచ్చారు. క్రైస్తవుడు కావడానికి తెలుగువాడు కాకుండా పోవాల్సిన పని లేదని ఇవన్నీ చాటాయి.

సంఘంలో కులం

బయటి కులాన్ని నిందించడం సులువు. సంఘం లోపలి కులాన్ని తాకడం కష్టం. మాలలు క్రైస్తవులైన ఊళ్లో మాదిగలు అదే గుడికి వస్తే కొన్నిచోట్ల మాలలే అడ్డు చెప్పేవారు. ఒకే గిన్నెలో ప్రభురాత్రి భోజనం తీసుకోవడానికి వెనుకాడేవారు. ఈ వేర్పాటుతో అజరయ్య రాజీపడలేదు. దోర్నకల్ బడుల్లో, వసతి గృహాల్లో రెండు వాడల పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి, కలిపి తినిపించారు. ప్రభుబల్ల దగ్గర వరసలు వేరైతే అది ప్రభుబల్ల కాదన్నది ఆయన బోధ. 1930ల్లో కాపు, కమ్మ వంటి కులాల నుంచి కూడా కొందరు సంఘంలో చేరినప్పుడు దళిత గురువు చేతిమీదుగానే వారికి రొట్టె, ద్రాక్షారసం అందాయి. తెలుగు పల్లె చరిత్రలో ఇది మామూలు విషయం కాదు. అయినా కులం పూర్తిగా పోలేదు. పెళ్లిళ్లలో, శ్మశానాల్లో, సంఘ ఎన్నికల్లో అది మిగిలింది. ఆయన మొదలుపెట్టినది ఆయన తర్వాతి తరాలు పూర్తిచేయలేదు.

రాజకీయాలు, గాంధీతో భేదం

క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వడాన్ని అజరయ్య వ్యతిరేకించారు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు సంఘాన్ని ఆధ్యాత్మిక కుటుంబంగా ఉండనీయక ఓట్ల గుంపుగా మారుస్తుందని భయపడ్డారు. సంఖ్యను పెంచుకునే ఆశతో మతమార్పిడి చేస్తున్నారన్న అనుమానానికి అది ఆధారం ఇస్తుందని కూడా ఆలోచించారు. తన సముదాయానికి లాభమొచ్చే ఏర్పాటును తానే కాదనడం ఆనాటి నాయకుల్లో అరుదు.

1935 అక్టోబరు 13న యేవలాలో అంబేద్కర్ హిందువుగా చనిపోనని ప్రకటించాక, అణగారిన వర్గాల మతం ఎవరి ప్రశ్న అన్నది దేశమంతా చర్చకు వచ్చింది. అస్పృశ్యతను హిందూ సమాజం లోపలే సంస్కరించాలన్నది గాంధీ పట్టు. తెలుగు ప్రాంతాల్లో మిషన్లు చెబుతున్న మార్పిడుల లెక్కల్ని, కారణాల్ని గాంధీ తన హరిజన్ పత్రికలో ప్రశ్నించారు. మాల, మాదిగలకు ఆధ్యాత్మిక విషయాలు అర్థం కావన్న ధ్వని అందులో వినిపించడం అజరయ్యను బాధించింది. రోజూ ఆ వాడల్లో తిరిగే బిషప్‌కు వారి ఆలోచనాశక్తి స్వయంగా తెలుసు. ఏ దేవుణ్ణి కొలవాలో నిర్ణయించుకునే హక్కు అంటరానివాడికే ఉంటుంది, అతని తరఫున మరొకరు నిర్ణయించడం ఎంత దయతో చేసినా పెత్తనమే అన్నది ఆయన వాదన సారాంశం. గాంధీ మీద ఆయనకు గౌరవం ఉంది. ఆ గౌరవం ఈ ఒక్క విషయంలో ఆయన్ను మౌనంగా ఉంచలేకపోయింది.

సంఘైక్యత

1919 మేలో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో దక్షిణ భారత సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చినవారిలో అజరయ్య ప్రముఖులు. ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్ తేడాలు యూరప్ గొడవల్లో పుట్టినవని, వాటిని తెలుగు కూలీ మీద మోపడం అన్యాయమని వాదించారు. 1930లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సభలోనూ ఇదే విన్నవించారు. 1929 నుంచి భారత, బర్మా, సిలోన్ జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షులుగా ఉన్నారు. 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో ప్రపంచ మిషనరీ సభ జరిగినప్పుడు ఆతిథ్య దేశపు పెద్దగా నిలిచారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడేనాటికి ఆయన లేరు.

సమకాలీనుడు బాన్‌హోఫర్

అదే కాలంలో జర్మనీలో డీట్రిష్ బాన్‌హోఫర్ అనే యువ వేదాంతి హిట్లర్‌ను ఎదిరించాడు. రక్తాన్ని బట్టి యూదు సంతతి క్రైస్తవులను గురుత్వం నుంచి తొలగించే నియమాన్ని 1933లోనే ఖండించాడు. సంఘంపై నాజీల పెత్తనాన్ని తిరస్కరించిన 1934 బార్మెన్ ప్రకటన చుట్టూ కూడిన ఒప్పుకోలు సంఘంలో పనిచేశాడు. గాంధీ దగ్గర అహింసా ప్రతిఘటన నేర్చుకోవాలని ఇండియాకు రావాలనుకున్నాడు. 1934 నవంబరులో గాంధీ ఆహ్వానం పంపినా ప్రయాణం కుదరలేదు. 1943 ఏప్రిల్‌లో అరెస్టయి, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఉరితీయబడ్డాడు. అజరయ్య అప్పటికి మూడు నెలల కిందటే దోర్నకల్‌లో జ్వరంతో మరణించారు.

ఒకరు ఉరికంబం ఎక్కారు, మరొకరు పల్లె సంఘాల మధ్య కన్నుమూశారు. పరిస్థితులు వేరు, ప్రమాదాలు వేరు. అయినా ఇద్దరి మూలప్రశ్న ఒక్కటే. పుట్టుకను బట్టి మనిషిని క్రీస్తు బల్ల నుంచి లేపేస్తే అక్కడ సంఘం మిగులుతుందా? మిగలదని బెర్లిన్‌లో ఒకరు, దోర్నకల్‌లో ఒకరు చెప్పారు.

పరిమితులు

అజరయ్యను విప్లవకారుడిగా చిత్రించడం సరికాదు. నిజాం పాలన మీద గానీ దేశ్‌ముఖ్‌ల భూస్వామ్యం మీద గానీ ఆయన రాజకీయ ఉద్యమం నడపలేదు. బ్రిటిష్ రాజ్యంతో ముడిపడిన సంఘ వ్యవస్థలోనే పనిచేశారు. వెట్టి నుంచి విడుదలకు ఆయన చూపిన దారి చదువు, పొదుపు, తాగుడు మానడం. భూమి ప్రశ్న ఆయన ప్రణాళికలో లేదు. ఆయన పోయిన ఏడాదిన్నరకు, 1946 జులై 4న, కడవెండిలో రైతు ఉద్యమకారుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు తెలంగాణ సాయుధ పోరాటంలోకి వెళ్లాయి. భూమి, వెట్టి ప్రశ్నను ఆ పోరాటం ముందుకు తెచ్చింది. ఆత్మగౌరవ ప్రశ్నను మాత్రం వాడల్లో బడి, గుడి అంతకు ముందే తెచ్చి ఉన్నాయి. రెండింటినీ కలిపి చదివితేనే తెలంగాణ పల్లె చరిత్ర నిండుగా అర్థమవుతుంది.

వారసత్వం

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ఇచ్చింది. అజరయ్య వాదించిన అంతరాత్మ హక్కుకు అది చట్టరూపం. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదే, 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కాని దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ జరిగింది. దళిత క్రైస్తవులకు జరగలేదు. తెలుగు రాష్ట్రాల్లో వారు వెనుకబడిన తరగతుల ‘సి’ సమూహంలో ఉన్నారు. మతం మారినా వాడ మారని మనిషికి మతాన్ని బట్టి రక్షణ తీసేయడం అన్యాయమన్న వాదన ఇప్పటికీ న్యాయస్థానాల్లో, కమిషన్ల ముందు నడుస్తూనే ఉంది.

1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో హత్యకు గురైన దళితుల్లో క్రైస్తవులు ఉన్నారు. సంఘం వారికి ఏం చేసిందన్న ప్రశ్నలోంచే తెలుగునాట దళిత వేదాంతానికి బలం వచ్చింది. అంతకు ముందే, 1980ల ఆరంభంలో, అరవింద్ నిర్మల్ బెంగళూరులో దళిత వేదాంతం కోసం పిలుపునిచ్చారు. హైదరాబాదు నుంచి కె. విల్సన్ 1982లో రాసిన పుస్తకం దళిత క్రైస్తవుడు అటు సమాజానికీ ఇటు సంఘానికీ పరాయివాడైన తీరును విశ్లేషించింది. వీరి భాష అజరయ్య భాషకన్నా పదునైనది. ఆయన సంస్కరణతో ఆగిన చోట వీరు హక్కుల దాకా వెళ్లారు. అయితే వాడలోని మనిషి నోరు తెరిచి తన విశ్వాసాన్ని తానే చెప్పుకోవాలన్న పట్టు ఆయనదీ వీరిదీ ఒకటే.

దోర్నకల్ అధ్యక్ష ఖండం ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘంలో భాగం. అజరయ్య పేరిట బడులు, హాళ్లు, వేదాంత పీఠాలు ఉన్నాయి. ఆయన్ను గౌరవించడమంటే ఆయన విగ్రహానికి దండ వేయడం కన్నా ఎక్కువ పని. సంఘ ఎన్నికల్లో కులం లెక్కలు మానడం, గురువుకూ సంఘసభ్యుడికీ మధ్య దొరతనం పోగొట్టడం, ఊరి చివర అన్యాయం జరిగినప్పుడు ముందుగా చేరడం ఆయన వారసులు తీర్చాల్సిన బాకీ.